పడ్డాక పాడైందా, పాడయ్యాక పడ్డామా?

పోయిన నెల ఒక పొద్దున పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, రాత్రి అమ్మ పడిపోయింది. ఎడమ భుజం మీద పడింది. పేస్‌మేకర్‌కి ఏమైనా అయి ఉంటుందా?"

నాకూ పేస్‌మేకర్ ఉంది, గుండె మందగిస్తే కరెంటుతో తట్టి కొట్టించే చిన్న యంత్రం, చర్మం కింద పెడతారు. ఆరేళ్లయింది. అందుకని మా చుట్టాల్లో ఈ యంత్రం గురించి ఎవరికి ఏ సందేహం వచ్చినా ఫోన్ నాకే వస్తుంది, దాన్ని నేనే తయారుచేసినట్టు. వాడు అడగగానే ఒక మాట నోటి చివరిదాకా వచ్చేసింది: "ఏం కాదురా, అది టైటానియం." దాన్ని మింగేసి, "ఎలా పడింది?" అని అడిగాను.

"కాలు జారిందట."

"జారిందట అని ఎవరన్నారు?"

వాడు కాసేపు ఆలోచించాడు. పిన్ని పడినప్పుడు గదిలో ఎవరూ లేరు. చప్పుడు విని వెళ్లేసరికి ఆవిడ నేల మీద ఉంది. "కాలు జారిందా?" అని అడిగింది వీడే. ఆవిడ ఊఁ అంది. ఆ ఊఁ కాస్తా తెల్లారేసరికి "కాలు జారిందట" అయింది.

పేస్‌మేకర్ ఉన్న మనిషికి దెబ్బ తగిలితే ఇంట్లోవాళ్లందరూ అడిగేది ఒకటే ప్రశ్న: ఆ దెబ్బకి యంత్రం పాడైందా? అడగాల్సిన ప్రశ్నే, కాదనను. కానీ దాన్ని రెండోది చేసి, అసలు ఆ మనిషి ఎందుకు పడ్డాడన్నది మొదట అడగాలని నా వాదన. ఈ వాదన నాకు పుస్తకాల్లోంచి రాలేదు. రెండేళ్ల కిందట నా మీద పడ్డ ఒక సూట్‌కేసు వల్ల, ఆ మర్నాడు ఆస్పత్రిలో నా పక్క కుర్చీలో కూర్చున్న ఒక పెద్దాయన వల్ల వచ్చింది.

సూట్‌కేసు

అటక మీంచి దించుతుంటే పట్టు తప్పింది. చక్రాలున్న అంచు వచ్చి ఎడమ కాలర్‌బోన్ (మెడ కింది ఎముక) కింద, పేస్‌మేకర్ పెట్టె ఉన్న చోటే తగిలింది. ఒంట్లో ఇంత చోటుంటే దానికి అక్కడే కావలసి వచ్చింది. మా ఆవిడ చప్పుడు విని పరుగెత్తుకొచ్చింది. "ఆస్పత్రికి వెళ్దాం పదండి" అంది. "ఏం కాదు, అది టైటానియం" అన్నాను. ఇంప్లాంట్ చేసిన రోజున ఒక నర్సు ధైర్యం చెప్పడానికి అన్న మాట అది. నాలుగేళ్లుగా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఇస్తూ.

సాయంత్రానికి అక్కడ అరచేయంత మేర కమిలింది. రాత్రి రెండింటికి మెలకువ వచ్చింది. రాలేదు, అసలు నిద్రే పట్టలేదని చెప్పడం నిజాయితీ. మణికట్టు మీద వేళ్లు పెట్టి, ఫోన్‌లో సెకన్లు చూస్తూ నాడి లెక్కపెట్టాను. 50. మళ్లీ చూశాను. 50. నాలుగుసార్లు చూశాను, నాలుగుసార్లూ 50కి అటూ ఇటూ. నా యంత్రాన్ని నిమిషానికి 60కి తగ్గకుండా చూసేలా పెట్టారని నా ఫైల్లో రాసి ఉంది. 60 ఉండాల్సింది 50 ఉందంటే, నిమిషానికి పదిసార్లు గుండె కొట్టుకోవడం ఎక్కడో పోతోందన్నమాట.

ఇక్కడ ఒక వింత చెప్పాలి. అంత భయంలో ఎవరి గుండైనా దడదడ కొట్టుకోవాలి. నాది కొట్టుకోలేదు. గుండెలోనే ఉండి దాని లయను నడిపే చిన్న కేంద్రమే నాకు మందగించింది, అందుకే పేస్‌మేకర్ పెట్టారు. ఎప్పుడు వేగం పెంచాలో నా యంత్రం ఒంటి కదలికను బట్టి తెలుసుకుంటుంది, లోపల కదలికను కనిపెట్టే చిన్న సెన్సర్ ఉంటుంది. నడిస్తే పెంచుతుంది, మెట్లెక్కితే ఇంకా పెంచుతుంది. భయం గురించి దానికి తెలియదు. మనసు ఎంత పరుగెత్తినా ఒళ్లు మంచం మీదే ఉంది కదా అని, అది నింపాదిగా 50 దగ్గరే కూర్చుంది. నేనేమో ఆ నింపాదితనం చూసి ఇంకా హడలిపోయాను.

పొద్దున్నే వెళ్లాం. చెకప్ చేసే టెక్నీషియన్ కుర్రవాడు నా కథంతా విని, స్క్రీన్ చూసి, "రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటి దాకా 50కి తగ్గేలా పెట్టి ఉంది సార్, నిద్ర కోసం. మీకు చెప్పలేదా?" అన్నాడు. చెప్పే ఉంటారు. ఆ రోజు నా బుర్రలోకి వెళ్లింది టైటానియం ఒక్కటే.

నాడి లెక్కపెట్టుకోవడం మీద నా నమ్మకం ఆ పొద్దునే పోయింది. 50 వచ్చినా యంత్రం బాగానే ఉండొచ్చు. మామూలు అంకె వచ్చినా పెట్టె నుంచి గుండెకి వెళ్లే తీగ తెగి ఉండొచ్చు. సొంత గుండె 72 కొట్టుకుంటూ ఉంటే పేస్‌మేకర్ ఊరికే చూస్తూ కూర్చుంటుంది, ఆ 72 వల్ల యంత్రం గురించి మనకేమీ తెలియదు. గుండె మధ్యలో తొందరపడి కొట్టుకుంటే కొన్నిసార్లు ఆ నాడి మణికట్టు దాకా చేరనే చేరదు, అప్పుడు అసలు కంటే తక్కువ లెక్క వస్తుంది. నాడి పట్టుకోవద్దని అనడం లేదు, నేనిప్పటికీ పట్టుకుంటాను. ఆ అంకె చూసుకుని ఆస్పత్రికి వెళ్లడమో మానడమో తేల్చుకోకూడదని మాత్రం అంటాను.

పెట్టె గట్టిదే, తీగ సంగతేమిటి?

టైటానియం మాట అబద్ధం కాదు. పేస్‌మేకర్ పెట్టె టైటానియం రేకుతో చేసి, సందు లేకుండా వెల్డింగ్ చేసి మూసేసింది. బరువు ఇరవై ముప్పై గ్రాములు. మనవడి తల తగిలితేనో, మంచం కోడు తగిలితేనో పగలదు. ఎముకలు విరిగేంత దెబ్బల్లో కూడా పెట్టె చాలాసార్లు చెక్కుచెదరదు. డాక్టర్లు ధైర్యం చెప్పడం సబబే.

కానీ ఆ పెట్టె లోపలి కరెంటు గుండెకి చేరేది లీడ్ అనే తీగ ద్వారా. కాలర్‌బోన్ కిందుగా ఒక సిరలోకి దూరి, అక్కడి నుంచి గుండె గది లోపలి గోడ దాకా వెళుతుంది. లోపల సన్నటి లోహపు చుట్ట, పైన సిలికోనో పాలీయురేతేనో తొడుగు. గుండె రోజుకి దాదాపు లక్షసార్లు కొట్టుకుంటుంది, కొట్టుకున్న ప్రతిసారీ ఆ తీగ వంగుతుంది. అది చాలదన్నట్టు, సిర ఎక్కే చోటును బట్టి కొందరిలో కాలర్‌బోన్‌కీ మొదటి పక్కటెముకకీ మధ్య ఇరుక్కుంటుంది. చెయ్యి ఎత్తి దించినప్పుడల్లా ఆ రెండు ఎముకల మధ్యా నలుగుతుంది. ఏళ్ల తరబడి అలా నలిగి చివరికి తొడుగు చిరుగుతుంది, లేదా లోపలి లోహం విరుగుతుంది. ఇది డాక్టర్లకి బాగా తెలిసిన సంగతే. మనకి చెప్పేది మాత్రం పెట్టె గురించి.

ఇక దెబ్బ సంగతి. కాలర్‌బోన్ విరిగేంతగా పడితే దాని కిందుగా పోయే లీడ్‌ని చూసి తీరాలి. కొత్తగా పెట్టించుకున్నవాళ్లు పడితే ఇంకో భయం ఉంది. మొదటి కొన్ని వారాలు లీడ్ కొన గుండె గోడకి ఇంకా గట్టిగా కుదురుకుని ఉండదు, స్థానం తప్పొచ్చు. మొదట్లో ఆ వైపు చెయ్యి భుజం కంటే పైకి ఎత్తవద్దని చెప్పేది అందుకే. నాలాగా ఏళ్లు గడిచినవాళ్లకి కొన చుట్టూ మచ్చ కట్టినట్టు కణజాలం పెరిగి పట్టేసి ఉంటుంది, అది అంత సులువుగా ఊడదు. కాకపోతే ఏళ్లు గడిచినందువల్లే తీగ అరిగి ఉంటుంది. కొత్తదానికి ఒక బెంగ, పాతదానికి ఇంకో బెంగ.

తీగ తెగితే ఏమవుతుందన్నదాని గురించి నాకు చాలాకాలం తప్పు ఊహ ఉండేది. దీపం వైరు తెగినట్టు టక్కున ఆగిపోతుందనుకునేవాణ్ని. కొన్నిసార్లు అలాగే అవుతుందట. ఎక్కువ చిక్కు తెచ్చేది సగం తెగిన తీగ. విరిగిన కొనలు ఒకదానికొకటి రాసుకుంటాయి, ఆ రాపిడికి చిన్న చిన్న విద్యుత్ చప్పుళ్లు పుడతాయి. పేస్‌మేకర్ వాటిని విని, ఆహా, గుండె దానంతటదే కొట్టుకుంటోంది, నేనెందుకు మధ్యలో అని ఊరుకుంటుంది. గుండేమో కొట్టుకోవడం లేదు. రెండు మూడు సెకన్లయితే కళ్లు తిరుగుతాయి, ఇంకాస్త సాగితే మనిషి కూలబడతాడు. కాసేపటికి కొనలు మళ్లీ కలుసుకుంటాయి, అంతా మామూలే. లేచి కూర్చున్న మనిషికి చుట్టూ ఉన్నవాళ్లు ఒక కారణం చెబుతారు: కాలు జారింది.

పక్క కుర్చీ పెద్దాయన

నా వంతు కోసం కూర్చున్నప్పుడు పక్కన ఒక పెద్దాయన ఉన్నారు, డెబ్భై అయిదు దాటి ఉంటాయి. కుడి కనుబొమ మీద కుట్లు, ముక్కు మీద చెక్కుకుపోయిన గీత. చేతులకి చిన్న గీత కూడా లేదు. వెంట కూతురు. బాత్రూమ్‌లో జారిపడ్డారని, ఆ దెబ్బకి పేస్‌మేకర్‌కి ఏమైనా అయిందేమోనని చూపించడానికి తెచ్చానని ఆవిడ మా ఆవిడతో చెబుతోంది. పెద్దాయన నావైపు వంగి, కూతురికి వినపడకుండా అన్నారు:

"జారడం నాకు గుర్తులేదు బాబూ. సబ్బు అందుకోబోవడం గుర్తుంది. తరవాత నేల చల్లగా తగలడం గుర్తుంది."

"ఆ మాట డాక్టరుగారికి చెప్పారా?"

"అడగలేదుగా."

ఆయన్ని అందరూ అడిగింది దెబ్బ ఎక్కడ తగిలిందని. సబ్బుకీ నేలకీ మధ్య ఏముందని ఎవరూ అడగలేదు. నేనూ ఆ రోజు దాని లోతు గ్రహించలేదు. ఊరికే, "లోపలికెళ్లాక అదే మాట అనండి" అన్నాను.

నా చెకప్ అయ్యేసరికి వాళ్లూ బయటికొచ్చారు. కూతురి ముఖం పాలిపోయి ఉంది. లీడ్‌లో తేడా ఉందన్నారట, ఆస్పత్రిలో ఉంచుకుంటారట. మమ్మల్ని నిలబెట్టేసింది ఆ తరవాత ఆవిడ చెప్పింది. పేస్‌మేకర్ తన లీడ్‌ని తానే పరీక్షించుకుని ఆ లెక్కలన్నీ లోపల దాచుకుంటుంది. ఆ లెక్కల్లో తేడా మొదలైంది ఆయన పడ్డ రోజున కాదు, అయిదు వారాల ముందే.

అంటే దెబ్బకి తీగ తెగలేదు. తెగుతున్న తీగ వల్లే ఆయన పడ్డారు. ముఖాన కుట్లుండి చేతులకి గీత కూడా లేకపోవడం గురించి టెక్నీషియన్‌ని తరవాత అడిగాను. తెలివుండి పడేవాడు చేతులు అడ్డం పెడతాడు, తెలివి తప్పి పడేవాడికి ముఖమే నేలకి తగులుతుంది, అందుకే పడ్డవాళ్ల అరచేతులు చూస్తాం అన్నాడు. అన్ని వేళలా అది నిజం కాదని కూడా అన్నాడు. పెద్దవాళ్లు చెయ్యి చాచేలోపే నేలకి చేరిపోతారట.

ఆ రోజు కూతురు సూటిగా, "పడ్డారు, యంత్రం చూడండి" అని మాత్రమే చెప్పి, ఆ లెక్కలు ఆ పూటకి బాగున్నట్టు కనిపించి ఉంటే ఏమయ్యేది? ఆయన్ని ఇంటికి పంపేసేవారు, బాత్రూమ్‌లో గరుకు చాప వేసుకోమని చెప్పి.

ఇలా రాసి జనాన్ని భయపెట్టొచ్చా?

ఈ టపా రాస్తున్నానని తెలిసి డాక్టరైన మిత్రుడొకడు విసుక్కున్నాడు. "నువ్వు రాసింది చదివి, భుజానికి సంచి తగిలినవాడు కూడా చెకప్‌కి వచ్చి కూర్చుంటాడు. నూటికి తొంభై పాళ్లు ఏమీ ఉండదు" అన్నాడు. ఆ తొంభై లెక్క నోటిమాట, నేను పట్టించుకోలేదు. కానీ ఉద్దేశం నిజమే. నా సూట్‌కేసు దెబ్బకి కూడా ఏమీ కాలేదు. పెద్దవాళ్లు పడటానికి బీపీ మాత్రలు, షుగర్ పడిపోవడం, చూపు మందగించడం, మంచం మీంచి గబుక్కున లేవడం, నిజంగానే తడినేల, ఇలా వంద కారణాలుంటాయి. ప్రతి పాటునీ యంత్రానికి అంటగట్టడం ఇంకో రకం అన్యాయం.

భయం వల్ల జరిగే నష్టం కూడా చూశాను. పేస్‌మేకర్ మీద ఒరుసుకుంటుందని సీటు బెల్టు పెట్టుకోవడం మానేసినవాళ్లున్నారు. గట్టి ప్రమాదంలో బెల్టు ఒత్తిడికి ఆ చోట దెబ్బ తగలడం అరుదుగా జరుగుతుంది, నిజమే. బెల్టు లేకపోతే తగిలే దెబ్బ ముందు అదెంత! ఒరుసుకుంటే మెత్తటి గుడ్డ మడిచి మధ్యలో పెట్టుకోవచ్చు. యంత్రాన్ని కాపాడుకోవడానికి మనిషిని పణంగా పెట్టడం ఏ లెక్క?

నా సొంత భయం చేసిన పని ఇంకా సిగ్గుచేటు. సూట్‌కేసు తగిలిన రోజు నుంచి, పెట్టె కదిలిందేమోనని వేళ్లతో తడుముకోవడం అలవాటైంది. అంచు దొరికేదాకా నొక్కడం, అటూ ఇటూ జరిపి చూడటం, టీవీ చూస్తూ, ఫోన్ మాట్లాడుతూ, నాకే తెలియకుండా. చెకప్‌లో ఆ మాట చెబితే టెక్నీషియన్ నవ్వలేదు. అలా తడిమి తడిమి పెట్టెను చర్మం కింద గిరగిరా తిప్పేసి, తీగ దాని చుట్టూ చుట్టుకుపోయి, గుండెలోంచి ఊడి వచ్చేదాకా తెచ్చుకున్నవాళ్లున్నారట. దానికి ట్విడ్లర్స్ సిండ్రోమ్ అని పేరు కూడా ఉంది, 1968లోనే డాక్టర్లు రాశారు. దెబ్బ చేయని పని దెబ్బ భయం చేస్తుందన్నమాట. అప్పటి నుంచి నా చెయ్యి అటు పోతే మా ఆవిడ చప్పట్లు కొడుతుంది, పిల్లిని అదిలించినట్టు.

కాబట్టి మిత్రుడి విసుగుని నేను తోసిపుచ్చను. కానీ ఒక మాట అడిగాను. "ఏమీ కాదులే అని ఫోన్‌లో చెప్పడానికీ, చూసి ఏమీ కాలేదని చెప్పడానికీ తేడా లేదా?" ఉంది అన్నాడు. చూడటానికి పట్టేది పావుగంట. ఆ పావుగంట దొరకని రోగి పడే భయం నెలల తరబడి సాగుతుంది. ధైర్యం చెప్పడం తప్పు కాదు, పరీక్షకి బదులుగా ధైర్యం చెప్పడమే తప్పు.

ఆ పావుగంటలో ఏం చూస్తారో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. పెట్టె మీద చొక్కా పైనుంచే ఒక బిళ్ల లాంటిది ఆనిస్తారు, బిళ్ల అక్కర్లేకుండా వైర్‌లెస్‌గా లెక్కలు పంపే పేస్‌మేకర్లూ ఉన్నాయి. ప్రోగ్రామర్ అనే ల్యాప్‌టాప్ లాంటి యంత్రంలో లోపలి లెక్కలన్నీ కనబడతాయి. బ్యాటరీ ఎంత మిగిలిందో, గుండె సంకేతాల్ని యంత్రం సరిగ్గా వింటోందో లేదో, గుండె కొట్టుకోవడానికి కనీసం ఎంత వోల్టేజీ కావాలో చూస్తారు. ఆ చివరిది చూసేటప్పుడు వోల్టేజీని మెట్టు మెట్టుగా తగ్గిస్తారు, గుండె స్పందించడం మానిన చోట ఆపి వెంటనే పెంచేస్తారు. నాకు ఒక్క క్షణం లిఫ్ట్ కిందికి దిగినట్టు అనిపించింది. లీడ్ సంగతి చెప్పేది దాని నిరోధం, అంటే కరెంటుకి అది ఎంత అడ్డు పడుతోందన్నది. నాది అంతకు ముందు 520 ఓములు, ఆ రోజు 510. తీగ విరిగితే ఆ అంకె వేలల్లోకి ఎగబాకుతుంది. తొడుగు చిరిగితే కరెంటు పక్కకి కారి, అంకె పడిపోతుంది.

అంతటితో వదల్లేదు. చెయ్యి పైకెత్తమన్నాడు, అరచేతులు రెండూ కలిపి గట్టిగా నొక్కమన్నాడు, దగ్గమన్నాడు, గుండెల నిండా ఊపిరి పీల్చమన్నాడు. పెట్టె చుట్టూ వేళ్లతో నొక్కుతూ స్క్రీన్ చూశాడు. సగం తెగిన తీగ పడుకుని ఉన్న మనిషిలో బుద్ధిగా ఉండి, చెయ్యి ఎత్తినప్పుడే బయటపడొచ్చు మరి. ఒక్క అంకె చూసి బాగుందనేస్తే ఇక్కడే మోసపోతాం. ఆ తరవాత ఛాతీ ఎక్స్‌రే తీయించి, ఇంప్లాంట్ నాటి పాత ఎక్స్‌రే ఉందా అని అడిగారు. నేను లేదనబోతుంటే మా ఆవిడ సంచిలోంచి తీసింది. ముప్పై ఏళ్ల సంసారంలో నేను ఓడిపోయిన వాదనల్లో అదొకటి. పాతది పక్కన లేకపోతే తీగ వంపు ముందు నుంచీ అలాగే ఉందో, ఇప్పుడు మారిందో చెప్పడం కష్టం.

పెట్టె, తీగ కాక మూడోది చర్మం. దాన్ని అసలు ఎవరూ లెక్కలోకి తీసుకోరు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకి ఆ చోట దెబ్బ తగిలితే లోపల నెత్తురు చేరి ఉబ్బుతుంది. ఉబ్బింది కదా అని దగ్గర్లోని ఎవరితోనో సూది పెట్టి తీయించకూడదు. సూదితో పాటు క్రిములు లోపలికి పోతే, ఆ ఇన్ఫెక్షన్‌కి మాత్రలు సరిపోవు, చాలాసార్లు పెట్టెనూ తీగల్నీ మొత్తం తీసేయాల్సి వస్తుంది. చర్మం చిట్లినా, ఎర్రబడినా, నీరు కారినా, జ్వరం వచ్చినా యంత్రం బాగానే పనిచేస్తోందన్న ధైర్యంతో ఊరుకోవద్దు.

నా గీత

ఎప్పుడు వెళ్లాలి, ఎప్పుడు అక్కర్లేదు అన్నదానికి ఇప్పుడు నేనొక గీత గీసుకున్నాను. ఇది డాక్టరు గీసింది కాదు, డాక్టరు వద్దనలేదు, అంతే. పెట్టె మీదో ఆ వైపు భుజం మీదో కమిలేంత దెబ్బ తగిలితే ఒకటి రెండు రోజుల్లో చూపించుకుంటాను. కళ్లు తిరిగినా, స్పృహ తప్పినా, ఎలా పడ్డానో నాకే తెలియకపోయినా, దెబ్బ తగలకపోయినా సరే, ఆ పూటే వెళతాను. పెట్టె దగ్గర కండ అదిరినా, ఆగని ఎక్కిళ్లు పట్టుకున్నా అంతే. తొడుగు చిరిగి కరెంటు కండలోకి కారుతుంటే మొదటిది, కొన జరిగి ఊపిరితిత్తుల కింది పొర (డయాఫ్రం) నరాన్ని తట్టుతుంటే రెండోది రావొచ్చు. తలకి దెబ్బ తగిలితే పేస్‌మేకర్ సంగతి తరవాత, ముందు తల. మనవడు ఎగిరి గుండెల మీద పడితే మాత్రం ఎక్కడికీ వెళ్లను.

మొదటి చెకప్ బాగుంటే కథ అయిపోయిందనుకోను. నలిగిన తొడుగు ఆ రోజే చిరగాలని లేదు, వారాలు, నెలలు పట్టొచ్చు. నన్ను ఆరు వారాలకి మళ్లీ రమ్మన్నారు. వెళ్లాను. 515 ఓములు. ఇంట్లో పెట్టుకునే మానిటర్ పెట్టె ఉన్నవాళ్లకి ఈ అంకెలు దూరం నుంచే డాక్టరుకి చేరతాయి, చాలా మంచిదే. చర్మం కింద వాపు మాత్రం దానికి కనబడదు. పెద్దాయన సబ్బు మాట దానికి వినబడదు.

యంత్రం పాడవుతుందేమోనన్న భయం కొత్తదేమీ కాదు. మనిషి ఒంట్లో మొదటి పేస్‌మేకర్‌ని 1958 అక్టోబర్ 8న స్వీడన్‌లో, స్టాక్‌హోమ్ దగ్గరి కరోలిన్‌స్కా ఆస్పత్రిలో ఓకే సెనింగ్ అనే సర్జన్ అమర్చాడు. తయారుచేసింది రూనే ఎల్మ్‌క్విస్ట్ అనే ఇంజనీరు. అది కొన్ని గంటలకే ఆగిపోతే, రెండోది పెట్టారు. పెట్టించుకున్న ఆర్నే లార్సన్ ఆ తరవాత జీవితంలో మొత్తం 26 పేస్‌మేకర్లు మార్చుకుని, తనకి దాన్ని చేసినాయనా అమర్చినాయనా ఇద్దరూ పోయాక, 2001లో 86వ ఏట చనిపోయాడు, అదీ గుండె వల్ల కాదు. పాడవని యంత్రం ఆయనకెవరూ ఇవ్వలేదు. పాడైనప్పుడల్లా కనిపెట్టి మార్చారు. ఆయన గురించి చదివాక టైటానియం మాట మీద నాకున్న మోజు పూర్తిగా పోయింది.

పిన్ని

ఫోన్ పిన్నికి ఇవ్వమన్నాను. "పిన్నీ, పడేముందు ఏం చేస్తున్నావ్?"

"ఏం చేస్తానురా, మంచినీళ్లకి లేచాను. లైటు వేయలేదు, వీడు నిద్ర లేస్తాడని. వీడు గుమ్మంలో బ్యాగు పడేశాడు, దాని పట్టీ కాలికి చుట్టుకుంది. ఒంటికాలి మీద రెండు గెంతులు గెంతాను. తలుపు పట్టుకోబోయాను, అది కాస్తా తెరుచుకుంది. పడేటప్పుడు వీణ్ని తిట్టాను కూడా, వీడు విన్లేదు."

పట్టీ, గెంతులు, తలుపు, తిట్టు, అన్నీ వరసగా గుర్తున్నాయి. సబ్బుకీ నేలకీ మధ్య ఉన్నలాంటి ఖాళీ ఎక్కడా లేదు. మరి ఊఁ ఎందుకన్నావంటే, "బ్యాగు పేరెత్తితే రాత్రంతా బాధపడతాడని" అంది. తప్పుడు కారణాలు ఇలా ప్రేమ వల్ల కూడా పుడతాయి, నా వాదనలో ఇది నేను ఊహించని సందు.

అయినా వెళ్లి చూపించుకోమన్నాను, భుజం కమిలింది కాబట్టి. చూపించుకుంది. అంతా బాగానే ఉందన్నారు, నెలన్నర తరవాత ఒకసారి రమ్మన్నారు. సాయంత్రం ఆవిడే ఫోన్ చేసి నా మీద విరుచుకుపడింది. ఏమీ లేనిదానికి ఎండలో తిప్పించానట, పావుగంట పరీక్షకి రెండు గంటలు కూర్చోబెట్టారట. నా దగ్గర జవాబు లేదు. వింటూ ఉన్నాను.

అంతా అయ్యాక, "అది సరే గానీ, నీ చెయ్యి ఇప్పుడెక్కడుంది?" అంది.

చూసుకున్నాను. కాలర్‌బోన్ కిందే ఉంది.